పన్నెండు మందికి కాన్వాస్ టెంటు: లంబసింగి క్యాంపు కోసం చేసిన ఎంపిక

మూడు కుటుంబాలు. పెద్దవాళ్లు ఆరుగురు, పిల్లలు నలుగురు, డెబ్బై దాటిన అమ్మమ్మ, తాతయ్య. మొత్తం 12 మంది. డిసెంబరు చివరి వారంలో లంబసింగిలో రెండు రాత్రులు ఉండాలి. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కాక రోడ్డుకు దగ్గర్లో ఒక రైతుది మెట్లుమెట్లుగా ఉన్న చేను అద్దెకు మాట్లాడుకున్నారు. మనుషులకు టెంపో ట్రావెలర్, సామానుకు బొలెరో పికప్. వాళ్లు మమ్మల్ని అడిగింది ఒకటే: పెట్టె మీద "12 మందికి" అని రాసి ఉన్న 6 మీటర్ల బెల్ టెంటు (నడిమిన ఒకే రాట మీద గంటలా గుండ్రంగా నిలబడేది, 6 మీటర్లు దాని అడ్డుకొలత) ఒకటి కొంటే చాలదా?

చాలదు. ఎందుకు చాలదో, దాని బదులు ఏం తీసుకున్నారో, కొండ మీద అది ఎలా నిలబడిందో ఈ కేసులో రాస్తున్నాం.

గుడ్డ సంగతి ముందు

లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలం రాత్రి ఉష్ణోగ్రత ఐదు డిగ్రీల లోపుకు దిగడం అక్కడ మామూలే. చలి కంటే పెద్ద సమస్య తేమ. సాయంత్రం కమ్మిన పొగమంచు మర్నాడు పొద్దెక్కేదాకా వదలదు. ఇలాంటి చోట పాలిస్టర్ డోమ్ టెంట్లలో పడుకున్నవాళ్లు తెల్లారేసరికి "టెంటు కారింది" అంటారు. చాలాసార్లు అది బయటి నీరు కాదు. ఒక మనిషి ఊపిరి నుంచి, ఒంటి నుంచి రాత్రంతా కలిపి పావు లీటరుకు పైనే నీరు ఆవిరిగా బయటికొస్తుంది. పూత పూసిన పాలిస్టర్ ఆ ఆవిరిని బయటికి పోనివ్వదు. చల్లబడిన గుడ్డ లోపలి వైపు అది చుక్కలు కట్టి, తలుపు తీయగానే దుప్పట్ల మీద రాలుతుంది. ఆరుగురు పడుకుంటే లీటరున్నర నీటి లెక్క ఇది.

నూలు కాన్వాస్ ఆవిరిని కొంత పీల్చుకుంటుంది, కొంత బయటికి పంపిస్తుంది. వానలో నూలు పోగులు ఉబ్బి సందులు మూసుకుపోతాయి కాబట్టి పూత లేకుండానే నీటిని ఆపుతుంది. ఇక్కడ కొనేవాళ్లు ఒకచోట తప్పటడుగు వేస్తారు. పాలిస్టర్ టెంట్ల మీద కనిపించే 3000 మి.మీ. వాటర్‌ప్రూఫ్ అంకెను (గుడ్డ ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపగలదో చెప్పేది) చూసి, కాన్వాస్‌కు ఆ అంకె తక్కువగా ఉందని భయపడి, లోపలి వైపు ప్లాస్టిక్ పూత ఉన్న "కాన్వాస్" ఏరుకుంటారు. బరువు కాన్వాస్‌ది, చెమట పాలిస్టర్‌ది అవుతుంది. నమూనా ముక్కను పెదవులకు ఆనించి గట్టిగా ఊదండి. గాలి కొంచెమైనా అవతలికి పోవాలి. ఏమాత్రం పోకపోతే అది పూత గుడ్డ.

గుడ్డ బరువు అంకెను (జీ.ఎస్.ఎం., అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములో) కూడా నమ్మి వదిలేయకండి. 10 సెం.మీ. × 10 సెం.మీ. ముక్క అడిగి, బంగారం తూచే చిన్న కాటా మీద పెడితే 285 జీ.ఎస్.ఎం. గుడ్డ 2.85 గ్రాములు, 320 జీ.ఎస్.ఎం. గుడ్డ 3.2 గ్రాములు తూగాలి. 250 కంటే తక్కువదైతే ఎండకు తొందరగా నీరసిస్తుంది, మేకుల దగ్గర చిరుగుతుంది. 360 దాటితే మోయడమే పని. ఇంకో పరీక్ష: ముక్కను గ్లాసు మీద గుంటలా అమర్చి నీళ్లు పోసి రెండు గంటలు వదిలేయాలి. కింది వైపు చెమ్మ తగలొచ్చు, చుక్క మాత్రం పడకూడదు.

శుద్ధ నూలా, నూలూ పాలిస్టరూ కలిపి నేసిన పాలీకాటనా? ఈ కుటుంబాల ఇల్లు విశాఖపట్నంలో. సముద్రపు గాలిలో, ఏడాదిలో పది నెలలు మడతలోనే ఉండే గుడ్డకు బూజే మొదటి శత్రువు. అందుకని బూజు నిరోధక మందు పట్టించిన 285 జీ.ఎస్.ఎం. పాలీకాటన్ చెప్పాం. గాలి ఆడటంలో శుద్ధ నూలు ఒక మెట్టు పైనే. కానీ పాలీకాటన్ త్వరగా ఆరుతుంది, తక్కువ కుదించుకుంటుంది. పొడిగా ఉండే చోట నిల్వ చేసేవాళ్లయితే 320 నూలు గుడ్డకే మా ఓటు.

12 మంది అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది

6 మీటర్ల బెల్ టెంటు నేల వైశాల్యం 28.3 చదరపు మీటర్లు. 75 సెం.మీ. వెడల్పు, 2 మీటర్ల పొడవున్న పరుపుకు 1.5 చ.మీ. కావాలి. 12 పరుపులకు 18. కాగితం మీద పది చదరపు మీటర్లు మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ టెంటు గుండ్రం, పరుపు నలుచదరం.

నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాం. తడిసిన గుడ్డకు తలగానీ దుప్పటిగానీ ఆనితే అక్కడి నుంచి నీరు లోపలికి జారుతుంది. కాబట్టి గోడకు 15 సెం.మీ. ఎడం తప్పదు. ఆ ఎడం వదిలి, తలలు గోడ వైపు, కాళ్లు నడిమికి వచ్చేలా రెండు వరసలు వేస్తే వరసకు ఐదు చొప్పున పది పరుపులు పడతాయి. వరసల మధ్య 60 సెం.మీ. నడవ వదిలితే వరసకు నాలుగే. నడవ లేకుండా పది వేసి, అటూ ఇటూ మిగిలిన విల్లు ఆకారపు ముక్కల్లో ఒక్కో పరుపు ఇరికిస్తే పన్నెండు. పెట్టె మీది అంకె అబద్ధం కాదన్నమాట. అయితే ఆ పన్నెండో పరుపు సరిగ్గా గుమ్మానికి అడ్డం పడుతుంది, ఒక్క బ్యాగు పెట్టడానికీ చోటుండదు. రాత్రి రెండుసార్లు లేచే తాతయ్య ఉన్న ఇంటికి ఈ అమరిక పనికిరాదు.

అదే లెక్క 5 మీటర్ల టెంటుకు వేస్తే వరసకు మూడు చొప్పున ఆరు పరుపులు. నడిరాట రెండు వరసల కాళ్ల మధ్య వస్తుంది. దానికి పది సెంటీమీటర్ల సందు వదిలితే చాలు. గుమ్మం వైపు 1.3 మీటర్ల దాకా ఖాళీ మిగులుతుంది. అది నడవ, చెప్పుల చోటు. ఎదురు వైపు అంతే ఖాళీలో బ్యాగులు. దీని పెట్టె మీద సాధారణంగా ఎనిమిది అని ఉంటుంది. ఆ ఎనిమిది కూడా పక్క ముక్కల్లో ఇరికించిన పరుపులతో కలిపిన లెక్కే. మేం ఎక్కడైనా పెట్టె అంకెలో మూడో వంతు తీసేసి మొదలుపెడతాం.

ఎత్తు కూడా ఇలాగే మోసం చేస్తుంది. 5 మీటర్ల టెంటుకు నడిమిన 3 మీటర్లు, పక్క గోడ 70 సెం.మీ. అనుకుంటే, 170 సెం.మీ. మనిషి తల తగలకుండా నిలబడగలిగేది నడిమి 2.8 మీటర్ల వలయంలోనే. అంటే మొత్తం నేలలో మూడో వంతు కంటే కాస్త తక్కువ. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు నేల మీది పరుపు కుదరదు, మంచం కావాలి. 40 సెం.మీ. ఎత్తు మంచం మీద కూర్చుంటే తల 125 సెం.మీ. దగ్గరకు వస్తుంది. ఆ ఎత్తు గోడ నుంచి 60 సెం.మీ. లోపలికి వస్తేగానీ దొరకదు. గుమ్మం వైపు చివరి పరుపుల స్థానంలో రెండు మడత మంచాలు వేస్తే ఇద్దరూ నడవలోకి కాళ్లు దించి కూర్చోవచ్చు, ఎవరినీ దాటకుండా బయటికి వెళ్లొచ్చు. మంచం కాళ్ల కింద పాత చెప్పుల రబ్బరు ముక్కలు వేయించాం. లేకపోతే నేలపట్టాకు నాలుగు చిల్లులు పడటం ఖాయం.

చేను కొలత తేల్చింది

పరుపుల లెక్క తర్వాత కూడా "6 మీటర్లది ఒకటి, 4 మీటర్లది ఒకటి" అనే దారి మిగిలే ఉంది. ఎనిమిది, నాలుగు, మొత్తం పన్నెండు. దాన్ని కొట్టేసింది రైతు పంపిన కొలత. ఆ చేనులో చదునుగా ఉన్న మెట్టు వెడల్పు ఎనిమిదిన్నర మీటర్లు, పొడవు ఇరవై పైన. బెల్ టెంటుకు పక్క తాళ్లు గోడ నుంచి మీటరున్నర దూరంలో మేకు పడాలి. 5 మీటర్ల టెంటుకు 8 మీటర్లు, 6 మీటర్ల టెంటుకు 9 మీటర్ల చదును నేల అవసరం. తొమ్మిది మీటర్లు అక్కడ లేదు. ఒక పక్క మేకులు మెట్టు అంచున వదులు మట్టిలో పడతాయి, గాలి వీస్తే ముందు ఊడేవి అవే. కాబట్టి రెండు 5 మీటర్ల టెంట్లు, పొడవునా పక్కపక్కన.

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు ఇదే ప్రశ్న టెంట్ ప్యాడ్ (టెంటు వేసుకోవడానికి చదును చేసి ఇచ్చే చోటు) రూపంలో ఎదురవుతుంది. చాలా క్యాంప్‌గ్రౌండ్లు ప్యాడ్ కొలత ముందే ఇస్తాయి. అక్కడ తాళ్లతో కలిపి 8 మీటర్లు అడిగే బెల్ టెంటు కంటే వంపు రాడ్లతో నిలబడే 10 × 14 అడుగుల క్యాబిన్ టెంటు నయం. నలుచదరం కావడంతో పరుపులకు చోటు వృథా కాదు, తాళ్లు తక్కువ.

స్విస్ కాటేజ్ టెంటు గురించి కూడా అడిగారు. రిసార్టుల్లో గట్టు కట్టి నెలల తరబడి ఉంచడానికి అది బాగుంటుంది. రెండు పొరల గుడ్డ, బోలెడన్ని రాటలు, విప్పి కట్టడానికి ఎక్కువ మంది. రెండు రాత్రులకు అనవసరం.

బరువు చూద్దాం. 5 మీటర్ల బెల్ టెంటుకు గోడలతో కలిపి దాదాపు 38 చ.మీ. గుడ్డ పడుతుంది. 285 జీ.ఎస్.ఎం. లెక్కన సుమారు 11 కిలోలు. 540 జీ.ఎస్.ఎం. పీవీసీ నేలపట్టా మరో పదిన్నర. రాటలు, మేకులు, తాళ్లు కలిపి ఇంకో పది. మొత్తం 32 కిలోల చుట్టూ. జిప్పుతో విడిపోయే నేలపట్టా ఉన్న రకమైతే దీన్ని మూడు సంచుల్లో కట్టొచ్చు, ఒక్కోటి ఒక్క మనిషి మోయగలిగే బరువు. కుట్టేసిన నేలపట్టా అయితే ఇరవై రెండు కిలోలు ఒకే చుట్టగా వస్తాయి, పైగా ఆరబెట్టేటప్పుడు కింది భాగం ఆరదు. పురుగు రాకుండా చూడటంలో కుట్టేసిన రకమే నయం. జిప్పు రకంలో ఆ లోటు పూడ్చడానికి గుమ్మానికీ కిటికీలకూ సన్న దోమతెర, జిప్పు పైన మడత గుడ్డ ఉన్నాయేమో చూసుకోవాలి. మన్యంలో మలేరియా ఉంది కాబట్టి ఈ విషయంలో బేరం లేదు.

మిగతా వాటిలో తప్పక చూడాల్సినవి: కుట్టు రెండు అంచులు ఒకదానిలో ఒకటి మడిచి రెండు వరసలు వేసినదై ఉండాలి, నడిరాట ఆనే శిఖరం దగ్గర గుడ్డ రెండు మూడు పొరలుండాలి, గుమ్మం జిప్పు 8 లేదా 10 నంబరు కావాలి. 5 నంబరు జిప్పు చిన్న టెంట్లకే. బిగువుగా లాగిన కాన్వాస్ మీద దాని పళ్లు విడిపోతాయి.

ఎక్కే ముందు

కొత్త కాన్వాస్‌ను నేరుగా కొండెక్కించకూడదు. సూది రంధ్రాలు పోగుల కంటే పెద్దవి. నీళ్లతో పూర్తిగా తడిపి, పూర్తిగా ఆరబెట్టి, ఇలా రెండు మూడు సార్లు చేస్తే దారం, గుడ్డ ఉబ్బి సర్దుకుని రంధ్రాలు మూసుకుంటాయి. మొదటి తడుపులో కుట్ల దగ్గర చుక్కలు రాలితే కంగారుపడి సిలికాన్ పూయకండి. మూడో తడుపు తర్వాత కూడా కారే కుట్టు ఉంటే ఆ కుట్టు మీద మాత్రమే మైనం రుద్దితే చాలు. సబ్బు, డిటర్జెంటు ఎప్పుడూ వాడొద్దు. గుడ్డకు పట్టించిన నీటి నిరోధకం కడుక్కుపోతుంది.

టెంటుతో వచ్చే మేకులు పచ్చిక కోసం చేసినవి. రాళ్లు కలిసిన ఎర్రమట్టిలో వంగిపోతాయి. ఇనుప కొట్టులో 10 మి.మీ. సలాక కొని, 40 సెం.మీ. ముక్కలు కోయించి, వెల్డింగ్ షాపులో ఒక కొస వంకీలా వంచించారు. ఒక్కోటి పావుకిలో. పక్క తాళ్లకు టెంటుకు 16, అదనంగా నాలుగు. గోడ అడుగున కొక్కేలకు పాత మేకులే సరిపోయాయి. బయటికి పొడుచుకొచ్చే వంకీల మీద సగానికి కోసిన ప్లాస్టిక్ సీసాలు బోర్లించారు. చీకట్లో పిల్లలు పరిగెత్తే చోట ఇది అలంకారం కాదు.

కొండ మీద

ముందు చోటు ఎంపిక. అన్నిటికంటే కింది మెట్టు వద్దన్నాం, రాత్రి చల్లగాలి జారి అక్కడే నిలుస్తుంది. కాఫీ తోట అంచున సిల్వర్ ఓక్ నీడ పగలు బాగుంటుంది గానీ, పొగమంచు ఆకుల మీద చేరి రాత్రంతా టెంటు మీద చినుకుల్లా రాలుతుంది. ఎండుకొమ్మల భయం వేరే. ఆకాశం కనిపించే మెట్టు, గుమ్మం తూర్పు వైపు.

నిలబెట్టే వరసలో ఒక్క అడుగు తప్పితే చివర్లో అంతా విప్పాల్సి వస్తుంది. నేలపట్టా పరిచి చుట్టూ బిగించాక, గుడ్డను దానికి జిప్పుతో కలిపి, గుమ్మం జిప్పు పూర్తిగా మూసి, అప్పుడే అడుగు కొక్కేలకు మేకులు కొట్టాలి. జిప్పు తెరిచి కొడితే గుమ్మం రెండు రెక్కలు ఎడం జరిగి, నిలబెట్టాక మూతపడవు. మూయాలని లాగితే జిప్పు తెగుతుంది. తర్వాత గుమ్మం తెరిచి లోపలికెళ్లి నడిరాట ఎత్తడం, గుమ్మం దగ్గరి వంపు రాట అమర్చడం. పక్క తాళ్లలో ముందు గుమ్మానికి రెండు వైపులవి, వాటికి ఎదురువి, ఆ తర్వాత మిగతావి. ప్రతి తాడూ గుడ్డ మీది కుట్టు గీతకు సూటిగా కొనసాగాలి. పక్కకు లాగితే ముడతలు పడి నీరు నిలుస్తుంది. మేకు తల టెంటుకు దూరంగా వాలి ఉండాలి.

చుట్టూ తిరిగి నేలపట్టా అంచు ఎక్కడా గోడ బయటికి రాకుండా లోపలికి మడవాలి. రెండో టెంటులో ఒక పక్క అరచేతి వెడల్పు బయటే ఉండిపోయింది. గోడ మీది మంచు నీరు జారి ఆ అంచున చేరి, పట్టా మీదుగా లోపలికి పాకి, తెల్లారేసరికి రెండు బ్యాగుల అడుగులు తడిపేసింది. వాన చుక్క పడకుండానే.

తడికి నూలు గుడ్డ కుదించుకుంటుంది. సాయంత్రం తాళ్లను వీణ తీగల్లా బిగిస్తే అర్ధరాత్రికి అవి మేకులను పీకడం మొదలుపెడతాయి. పడుకునే ముందు ఒక్కో తాడు రెండు వేళ్ల మేర వదులు చేయడం, మర్నాడు ఎండెక్కి గుడ్డ ఆరాక మళ్లీ బిగించడం రోజూ చేయాల్సిన పని. పాలీకాటన్ కాబట్టి ఇక్కడ ఆ కుదింపు తక్కువ, అయినా ఈ పని మానలేదు.

చలి గోడల నుంచి వస్తుందనుకుంటారు, నిజానికి ఎక్కువ వేడి లాగేది నేల. గాలి నింపే పరుపు లోపలి గాలి కదులుతూ వేడిని కిందికి చేరవేస్తుంది కాబట్టి దాన్ని వద్దన్నాం. నేలపట్టా కింద నాలుగు వేళ్ల మందాన వరిగడ్డి, పట్టా మీద గోనె, దాని మీద 10 మి.మీ. ఫోమ్ షీటు, ఆపైన మామూలు దూది పరుపు. గోనె ఎందుకంటే, పీవీసీకీ పరుపుకూ మధ్య చేరే చెమ్మను అది పీల్చుకుంటుంది. పొద్దున తీసి ఎండలో పరవాలి.

మొదటి రాత్రి రెండు టెంట్ల మధ్య తేడా స్పష్టంగా తెలిసింది. అమ్మమ్మ, తాతయ్య ఉన్న టెంటులో శిఖరం దగ్గరి గాలి రంధ్రాలు, గోడ అడుగున ఒక కిటికీ నాలుగు వేళ్లు తెరిచి ఉంచారు. తెల్లారి గుడ్డ చల్లగా ఉందిగానీ లోపలి వైపు చుక్క లేదు. రెండో టెంటులో చలికి భయపడి అన్నీ మూసేశారు. శిఖరం దగ్గర గుడ్డ తడిసి, నడిరాట మీద నీరు కారింది. చుట్టూ పొగమంచు నిండినప్పుడు కాన్వాస్ తేమను బయటికి వదల్లేదు, పీల్చుకున్నది తనలోనే ఉంచుకుంటుంది. ఆ పూట గాలి రంధ్రాలే దారి. రెండో రాత్రి అవి తెరిచారు, రాట పొడిగా ఉంది. వెచ్చదనం కోసం మనిషికి ఒక దుప్పటి ఎక్కువ కప్పుకున్నారు, అంతే.

బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుందామా అన్న మాట అక్కడా వచ్చింది. ఏ టెంటులోనూ, ఎంత పెద్దదైనా, ఎంత చలైనా, గుమ్మం తెరిచినా సరే, పెట్టొద్దు. పొగ లేని నిప్పుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లు లేవరు. కాన్వాస్ గాలి ఆడుతుందనేది ఈ వాయువుకు విరుగుడు కాదు. వేడినీళ్లు నింపిన రబ్బరు సంచులు అమ్మమ్మ, తాతయ్యల కాళ్ల దగ్గర పెట్టించాం. వంట టెంట్లకు ఐదు మీటర్ల దూరంలో, గాలి వాలుకు కింది వైపు, విడిగా కట్టిన టార్పాలిన్ పట్టా కింద.

తిరుగు ప్రయాణం

"పొద్దున్నే ఆరింటికి బయల్దేరదాం" అనేది కాన్వాస్ టెంటుతో కుదిరే మాట కాదు. లంబసింగిలో ఎండ తగిలేసరికే తొమ్మిది, పది అవుతుంది. ఆ తర్వాత గుడ్డ ఆరడానికి రెండు గంటలైనా ఇవ్వాలి. ముందు నేలపట్టా విప్పి తిరగేసి మట్టి దులిపి ఎండలో వేయడం, గోడలు పైకి చుట్టి అడుగు అంచుకు గాలి తగలనివ్వడం. అన్నిటికంటే ఆలస్యంగా ఆరేది ఆ అంచే, బూజు పట్టేదీ అక్కడే. బయల్దేరే టైము మధ్యాహ్నం భోజనాల తర్వాతకు ముందే పెట్టించాం.

తడి గుడ్డనే మడవక తప్పని రోజు వస్తే, వదులుగా చుట్టి, ఇంటికెళ్లిన వెంటనే, 24 గంటలు దాటకుండా విప్పేయాలి. అందుకే కొనేముందు మేం అడిగే ఆఖరి ప్రశ్న ఆరబెట్టే చోటు గురించి. 38 చదరపు మీటర్ల గుడ్డ పరచడానికి మేడ మీద చోటుందా, అపార్టుమెంటు వాళ్లు ఒప్పుకుంటారా? ఈ మూడు కుటుంబాల్లో ఒకరిది సొంత మేడ కాబట్టి కొనమన్నాం. అలాంటి చోటు లేనివాళ్లను అద్దెకు తెచ్చుకోమంటాం, గుడ్డ ఎంత మంచిదైనా సరే.

నిల్వకు ప్లాస్టిక్ సంచి వద్దు, నూలు సంచి కావాలి. నేల మీద పెడితే చెద, అటక మీద పడేస్తే ఎలుకలు. గోడకు తగలకుండా ఇనుప అల్మరాలో పై అర మంచిది. వానాకాలం మధ్యలో ఎండ కాసిన ఒక రోజు చూసి తీసి, మేడ మీద పరిచి, మడతల చోటు మార్చి మళ్లీ కట్టాలి. నల్లచుక్కలు కనిపిస్తే ఎండలో పూర్తిగా ఆరనిచ్చి మెత్తని బ్రష్షుతో దులపండి. బ్లీచింగ్ వేస్తే మచ్చ తగ్గుతుందిగానీ నూలు బలం కూడా పోతుంది. మచ్చ ఉన్న గుడ్డ ఇంకా ఏళ్ల తరబడి పనిచేస్తుంది.